తడి నేల ఉన్నా ఆర్సీసీబీ ఎందుకు? గోదావరి డెల్టా ఇళ్లలో కరెంటు రక్షణ అమర్చుకునే పద్ధతి

కోనసీమలోనో, భీమవరం, నరసాపురం చుట్టుపక్కలనో కొత్తగా ఇల్లు కడుతున్నవారి దగ్గర కరెంటు పని ప్రస్తావన వస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: “ఆయ్, మాది తడి నేలండీ, నిలువెత్తు తవ్వితే నీళ్లు పడతాయి, ఎర్తు గట్టిగా పట్టేస్తుంది, ఎంసీబీలు పెట్టేస్తే సరిపోతుందండీ.” ఎంసీబీ అంటే కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే మీట. ఈ మాటలో మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ఎందుకు అలా అంటున్నానో లెక్క వేసి చూపిస్తూ, ఇంటి డీబీ బాక్సులో (మీటరు నుంచి వచ్చిన కరెంటును గదులకు పంచే పెట్టెలో) ఏది ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో నిర్ణయించుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. నిర్ణయాలు ఇంటి యజమాని తెలుసుకుని తీసుకోవచ్చు. తీగల మీద చేయి వేసే పని మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్‌దే.

ముందుగా మూడు రకాల చెడులను వేరు చేసి చూడాలి. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ సామాను ఒకేసారి వాడటం వల్ల తీగ నెమ్మదిగా వేడెక్కడం ఓవర్‌లోడు. ఫేజు తీగ న్యూట్రల్‌కు నేరుగా తగిలి, వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహించడం షార్ట్ సర్క్యూట్. ఫేజు తీగ మోటారు బాడీకో, గీజర్ డ్రమ్ముకో, తడి గోడకో తగిలి కరెంటు నేలలోకి దిగడం ఎర్త్ ఫాల్టు. మొదటి రెండింటికీ ఎంసీబీ కాపలా కాస్తుంది. మూడో దానికి కాపలా ఆర్సీసీబీ, అంటే నేలలోకి లీకైన కరెంటును పసిగట్టి లైను తెగ్గొట్టే మీట. ఒకదాని పని రెండోది చేయదు. ఆర్సీసీబీ ఓవర్‌లోడును పట్టించుకోదు, మనిషి ఒంటిలోంచి పోయే కరెంటును ఎంసీబీ గుర్తించలేదు.

మొదట వైరు, తరువాతే ఎంసీబీ

ఎంసీబీ సైజును సామాను చూసి కాకుండా వైరు చూసి నిర్ణయించాలి. ఎంసీబీ కాపాడేది ఏసీనో ఫ్రిజ్‌నో కాదు, గోడలో పైపు లోపల కంటికి కనపడకుండా ఉన్న రాగి తీగను. గోడ పైపుల్లో వేసిన రాగి వైర్లకు నేను పాటించే కొలత ఇది: ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుతో వేసిన లైట్ల, ఫ్యాన్ల సర్క్యూట్‌కు 6 లేక 10 ఆంపియర్లు, రెండున్నర వైరుతో వేసిన పవర్ ప్లగ్గుకు 16, నాలుగు వైరుకు 20, ఆరు వైరుకు 25, పైపులో ఆ జత ఒక్కటే ఉంటే 32. ఒకే పైపులో నాలుగైదు జతల తీగలు కుక్కితే ఒకదాని వేడి ఇంకొకదానికి ఎక్కుతుంది కనుక వాటి శక్తి ఇంకా తగ్గుతుంది.

ఎంసీబీ మీద 16 అని ఉంటే 16 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రమాణం ప్రకారం రేటింగ్‌కు 1.13 రెట్ల వరకు గంటసేపు ప్రవహించినా ఎంసీబీ పడకూడదు, 1.45 రెట్లకు చేరితే గంటలోపు తప్పక పడాలి. అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను ఆనందంగా మోస్తుంది, 23 ఆంపియర్ల దగ్గర కూడా దాదాపు గంట ఆగవచ్చు. మధ్యలో ఉన్నప్పుడు పడినా పడవచ్చు, పడకపోయినా పోవచ్చు. ఒకటిన్నర టన్నుల ఏసీ 8 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు తీసుకుంటాయనుకుందాం. రెండూ కలిపి ఒకే రెండున్నర వైరు మీద ఉంటే 16.7 అవుతుంది, ఎంసీబీ ఊరుకుంటుంది. అదే గదిలో ఎవరో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె కూడా తగిలిస్తే 21 అవుతుంది. అప్పుడు అరగంటకో ముప్పావు గంటకో ఎంసీబీ పడవచ్చు, పెళ్లికి వెళ్లే హడావిడిలో ఇంటాయన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి “పెద్దది వేసెయ్” అంటాడు. 32 ఆంపియర్లది వేశాక లెక్క ఏమవుతుందో చూడండి: ఆ రెండున్నర వైరు మీద 46 ఆంపియర్లు గంటసేపు ప్రవహించినా ఎంసీబీ నోరు విప్పకుండా ఉండవచ్చు. ఆలోగా గోడలోని ఇన్సులేషన్ మెత్తబడి కరుగుతుంది.

కాబట్టి ఎంసీబీ తరచూ పడుతున్నదంటే చేయవలసింది సర్క్యూట్‌ను విడగొట్టడం. ప్రతి ఏసీకి, ప్రతి గీజర్‌కు, వంటగదిలోని ఇండక్షన్ స్టవ్ సాకెట్‌కు డీబీ నుంచి విడిగా ఒక జత వైరు, దానికి విడిగా ఒక ఎంసీబీ ఉండాలి. ఇంకో సంగతి. ఎంసీబీలను 30 డిగ్రీల వేడి దగ్గర సరిచూసి అమ్ముతారు. మే నెలలో రాజమహేంద్రవరంలో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు, పడమటి ఎండ కొట్టే గోడలో ఇరికించిన డీబీ లోపల అది ఇంకా ముందుగానే పడుతుంది. వేసవిలో మాత్రమే పడే ఎంసీబీకి మందు డీబీని నీడ గోడకు మార్చడమే.

పాత మండువా ఇళ్లలో ఇప్పటికీ పింగాణీ ఫ్యూజులు కనిపిస్తాయి. వాటిని నేను పూర్తిగా తీసిపారేయమనే చెబుతాను. సరైన ఫ్యూజు తీగ వేసినా అది తన రేటింగ్‌కు దాదాపు రెట్టింపు దగ్గర గానీ కరగదు. పైగా ఫ్యూజు తీగ అయిపోయిన రాత్రి వైరులోంచి లాగిన రాగి పోగు చుట్టడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన విద్యే.

ఎంసీబీ చూడలేని వేడి ఒకటుంది, లూజు కనెక్షన్ దగ్గర పుట్టేది. అక్కడ ప్రవహించేది మామూలు కరెంటే కనుక ఏ రక్షణా పలకదు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి ఇత్తడి స్క్రూలు పచ్చబారి పట్టు సడలుతాయి. ఏడాదికి ఒకసారి మెయిన్ ఆపించి డీబీలోని స్క్రూలన్నీ బిగించడం, రంగు మారిన తీగ చివరలను కత్తిరించి మళ్లీ వేయడం తప్పదు.

లైను చివరి ఇంట్లో షార్టు

ఎంసీబీ మీద 10,000 అని ఒక పెట్టెలో రాసి ఉంటుంది. అది తెగ్గొట్టగలిగిన గరిష్ఠ కరెంటు. దాని గురించి మన ఊళ్లలో దిగులు పడనక్కరలేదు: 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ దగ్గరే షార్ట్ చేసినా, దాని లోపలి ఆటంకం నాలుగున్నర శాతం లెక్కన వచ్చేది సుమారు 3,000 ఆంపియర్లే. మన సమస్య దీనికి తిరగబడినది. కొబ్బరి తోటల మధ్య, పంట కాలువ గట్టు వెంట లాగిన లైను చివర ఉన్న ఇంట్లో షార్ట్ అయితే, ఎంసీబీ తక్షణం పడటానికి చాలినంత కరెంటు రాకపోవచ్చు.

లెక్క వేద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభాల మీద 400 మీటర్ల లైను, కిలోమీటరుకు సుమారు 0.9 ఓముల తీగ. పోను రాను కలిపి 0.72 ఓములు. స్తంభం నుంచి ఇంటికి 30 మీటర్ల సర్వీసు వైరు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే పోను రాను 0.44 ఓములు. డీబీ నుంచి చివరి గది సాకెట్ వరకు 20 మీటర్ల రెండున్నర రాగి వైరు, పోను రాను 0.30 ఓములు. మొత్తం 1.46 ఓములు. 230 వోల్టులను దీనితో భాగిస్తే వచ్చేది సుమారు 157 ఆంపియర్లు.

ఇప్పుడు ఎంసీబీ ముఖం మీద అంకెకు ముందుండే అక్షరం చూడండి. ‘సి’ రకం తన రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్ల మధ్య ఎక్కడో తక్షణం పడుతుంది. కచ్చితంగా పడుతుందని చెప్పాలంటే 10 రెట్లు కావాలి. సి16కు అది 160 ఆంపియర్లు. మన దగ్గర ఉన్నది 157. పడవచ్చు, లేదా కొన్ని క్షణాలు ఆలోచించి పడవచ్చు. ఆ కొన్ని క్షణాల్లోనే వైరు జాయింటు దగ్గర నిప్పు రాజుకుంటుంది. ‘బి’ రకానికి 5 రెట్లు, అంటే 80 ఆంపియర్లు చాలు. అందువల్ల లైను చివరి ఇళ్లలో లైట్లకు, మామూలు ప్లగ్గులకు, గీజర్‌కు బి రకం వేయమని నా సలహా. షాపులో అడగకుండా ఇచ్చేది ఎప్పుడూ సి రకమే కాబట్టి అక్షరం చెప్పి మరీ అడగాలి.

మోటార్లకు మాత్రం సి రకమే వేయాలి. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు నడుస్తున్నప్పుడు 6, 7 ఆంపియర్లు తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. బి10 వేస్తే మోటారు వేసినప్పుడల్లా పడవచ్చు. సి10 వేస్తే స్టార్టింగ్‌ను తట్టుకుంటుంది, పై లెక్క ప్రకారం షార్టుకు కావలసిన 100 ఆంపియర్లూ దొరుకుతాయి. ఇక్కడే ఒక మాట: చేపల చెరువు గట్టు మీద ఉండే, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్‌ను ఇంటి మీటరు నుంచి, ఇంటి ఎంసీబీ మీద నడపాలనే ఆలోచన వస్తే మానుకోండి. ఆ లోడుకు, ఆ దూరానికి, ఆ తడికి ఈ వ్యాసంలోని ఏ లెక్కా వర్తించదు.

తడి నేల లెక్క

అసలు విషయానికి వచ్చాం. 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును రెండున్నర మీటర్ల లోతున మన నల్లరేగడి ఒండ్రులో పాతితే, ఆ మట్టి నిరోధం 10 ఓమ్ మీటర్లు అనుకుంటే, ఎర్తు నిరోధం దాదాపు 3.5 ఓములు వస్తుంది. చాలా మంచి ఎర్తు. రాళ్ల నేలలో ఇల్లు కట్టుకున్నవారు దీన్ని చూసి అసూయపడతారు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు 2 ఓములు అనుకుందాం. మోటారు బాడీకి ఫేజు తగిలితే కరెంటు మన ఎర్తులోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరాలి. 230ని 5.5తో భాగిస్తే 42 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది 2.6 రెట్లు. ఇంత కరెంటుకు అది నిమిషం వరకు ఆగడానికి ప్రమాణమే అనుమతిస్తుంది. ఆ నిమిషమూ మోటారు బాడీ మీద ఉండేది 42ను మూడున్నరతో గుణిస్తే వచ్చేంత, అంటే దాదాపు 147 వోల్టులు. తడి కాళ్లతో దాన్ని తాకినవారికి నిమిషం అక్కరలేదు.

ఇది మంచి ఎర్తు కథ. డెల్టా అంతా ఒకే నేల కాదు. తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకల మీద ఊళ్లు, సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు ఉన్నాయి. వేసవిలో అక్కడ పై మట్టి పొడి ఇసుకే. మట్టి నిరోధం పదింతలై ఎర్తు 35 ఓములకు చేరితే ఫాల్టు కరెంటు 6 ఆంపియర్లను పెద్దగా దాటదు. ఎంసీబీకి అది రెండు ఇస్త్రీ పెట్టెల కంటే తక్కువ లోడు. పగలూ రాత్రీ మోటారు బాడీ 200 వోల్టుల పైన ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆర్సీసీబీ పనితీరు వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు, 150కి చేరితే 0.04 సెకన్లలోపు తెగ్గొడుతుంది. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే మనిషి ద్వారా పోయేది 230 మిల్లీ ఆంపియర్లు; 6 ఆంపియర్ల ఎంసీబీకి ఇది లెక్కలోకి రాని కరెంటు, ఆర్సీసీబీకి పెద్ద గంట మోగినట్లు. మనిషికి ప్రమాదం లేదనుకునే 50 వోల్టుల హద్దును 0.03తో భాగిస్తే వచ్చే 1,667 ఓముల ఎర్తు ఉన్నా అది పనిచేస్తుంది. అంతటి చెడ్డ ఎర్తు పెట్టుకోమని కాదు. ఎర్తు ఎంత మంచిదైనా ఎంసీబీకి చాలదు, ఎంత మామూలుదైనా ఆర్సీసీబీకి చాలుతుంది, అంతే తేడా.

ఒక ఇంట్లో నేను చూసినది చెబుతాను. ఎర్త్ గొయ్యి నిక్షేపంగా ఉంది, కొలిస్తే 4 ఓములు. గొయ్యి నుంచి పెరటి మోటారుకు వెళ్లే ఇనుప తీగ మాత్రం మట్టి అంచు దగ్గర తుప్పు పట్టి తెగిపోయింది, ఎవరూ గమనించలేదు. మోటారు చుట్ట చెడి బాడీకి కరెంటు వచ్చింది. ఆ మోటారు షెడ్డు ఇనుప కమ్మీ నుంచి జామచెట్టుకు బట్టల తీగ కట్టి ఉంది. తడి బట్ట ఆరేయబోయిన ఇల్లాలు కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి విసిరికొట్టినట్లు పడి బతికింది. ఎంసీబీ పడలేదు, పడటానికి దానికి కారణమే కనిపించలేదు. ఇనుప స్తంభానికో, మోటారు షెడ్డుకో, సర్వీసు వైరుకు ఆనుకునో జీఐ తీగ కట్టి బట్టలు ఆరేసే అలవాటు మానాలి, నైలాన్ తాడు చాలు.

ఆర్సీసీబీ ఎంపికలో నాలుగు సంగతులు చూసుకోవాలి. సున్నితత్వం 30 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. 100, 300వి అగ్నిప్రమాదాలకు పనికొస్తాయి గానీ మనిషిని కాపాడవు. దాని ఆంపియర్ల రేటింగ్ దాని ముందున్న మెయిన్ ఎంసీబీ కంటే తక్కువ కాకూడదు, మెయిన్ 32 అయితే ఆర్సీసీబీ 40 తీసుకోవాలి. ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మిషన్లు ఉన్న ఇంటికి ‘ఏసీ’ రకం (మామూలు ఏసీ కరెంటు లీకును మాత్రమే పట్టేది) కాక ‘ఏ’ రకం అడగాలి. ఇల్లంతటికీ ఒక్కటే పెట్టకుండా రెండు, మూడుగా విడగొట్టాలి. పాత ఫ్రిజ్, తడి గోడ, కంప్యూటరు అన్నీ కొంచెం కొంచెం లీకు చేస్తాయి, వాటి మొత్తం 15 మిల్లీ ఆంపియర్లు దాటితే ఆర్సీసీబీ పడే హక్కు దానికి ఉంది. పెరటి మోటారుకు, స్నానాల గదికి విడిగా ఒకటి ఉంటే వానాకాలంలో మోటారు తడిసినా ఇంట్లో దీపం ఆరదు.

బిగించాక ఊరికే పడుతున్నదంటే నూటికి తొంభైసార్లు తప్పు న్యూట్రల్‌లో ఉంటుందని నా అనుభవం. ఒక ఆర్సీసీబీ కింది ఫేజు, ఇంకో ఆర్సీసీబీ కింది న్యూట్రల్ కలిపినా, ఎక్కడైనా న్యూట్రల్, ఎర్తు తీగలు తగిలినా అది నిలవదు. అప్పుడు ఆర్సీసీబీని తీసేసి నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్‌ను మార్చండి, ఆర్సీసీబీని కాదు.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మెయిన్‌లోని ఆర్సీసీబీ ఆ దారిలోనే ఉండదు. కనుక ఇన్వర్టర్ అవుట్‌పుట్ తరువాత విడిగా ఒక చిన్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టి, ఆ సర్క్యూట్ల ఫేజు, న్యూట్రల్ రెండూ దాని గుండానే పోయేలా వేయించాలి.

ఎర్తు విషయంలో, ఉప్పు నీటి ఊళ్లలో గొయ్యిలో మళ్లీ ఉప్పు పోయడం పైపును తొందరగా తినేయడమే. అక్కడ రాగి పూత కడ్డీ మేలు. గొయ్యి నుంచి డీబీ దాకా తీగ కంటికి కనపడేలా, తుప్పు పట్టనిదిగా ఉండాలి. సాకెట్లలో పెద్ద రంధ్రానికి నిజంగా ఎర్తు తీగ వచ్చిందో లేదో ప్రతి ఒక్కటీ చూడాలి, చాలా ఇళ్లలో అది ఖాళీగా ఉంటుంది. ఇంట్లో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపకూడదు.

వరద, గాలివాన

2022 జూలైలో గోదావరి వరద లంక గ్రామాల ఇళ్లలోకి వచ్చింది. లంకల్లో, ఏటిగట్టు లోపలి ఊళ్లలో గోడ మీద పాత వరద మరక ఎక్కడుందో పెద్దలను అడిగి, దానికి కనీసం రెండు అడుగుల పైన డీబీని, సాకెట్లను పెట్టించాలి. వైర్లు పైకప్పు నుంచి కిందికి దిగాలి గానీ నేల నుంచి పైకి ఎక్కకూడదు. నీరు గడప ఎక్కకముందే మెయిన్ ఆపాలి. మెయిన్ దగ్గరికి నీళ్లలో నడవవలసి వస్తే ఆ ప్రయత్నం చేయకుండా విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైను ఆపించాలి. మునిగిన ఎంసీబీని, ఆర్సీసీబీని ఎండబెట్టి వాడకూడదు. లోపలి స్ప్రింగుల్లో ఒండ్రు చేరుతుంది, మీట పైకి లేచినా అవసరమైనప్పుడు పడదు.

గాలివానకు కొబ్బరి మట్ట పడి మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తీగ ఒక్కటే తెగితే, ఇంట్లో వోల్టేజి 230 నుంచి 400 వైపు ఎగబాకవచ్చు. దీనికి ఎంసీబీ, ఆర్సీసీబీ రెండూ పలకవు. లైట్లు ఉన్నట్టుండి మండిపోతున్నట్లు వెలిగితే వెంటనే మెయిన్ ఆపాలి. డీబీలో ఓవర్ వోల్టేజి రిలే ఒకటి పెట్టించుకుంటే ఆ పని అదే చేస్తుంది. మెయిన్ మీట కూడా ఫేజును, న్యూట్రల్‌ను కలిపి విడదీసే డబుల్ పోల్‌దే అయి ఉండాలి.

పని అప్పగించుకునే రోజు

వైర్‌మన్‌కు డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు అతని చేత మూడు పరీక్షలు మీ ఎదుట చేయించండి. సామాను అంతా తీసి, ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజు, న్యూట్రల్ రెండింటి నుంచి ఎర్తుకు కొలిస్తే కనీసం ఒక మెగాఓమ్ రావాలి. తడి గోడ ఇళ్లలో ఇక్కడే గుట్టు బయటపడుతుంది. ఎర్త్ టెస్టర్‌తో గొయ్యి నిరోధం కొలిచి, కొలిచిన నెలతో సహా రాసుకోవాలి, ఎందుకంటే ఆగస్టులో 3 ఓములు చూపిన గొయ్యి మే నెలలో అంతే చూపదు. చివరగా ఆర్సీసీబీ మీది ‘టి’ బొత్తాన్ని నొక్కితే టక్కున పడాలి. ఈ బొత్తాం లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, మీ ఎర్తు తీగ తెగి ఉన్నా అది బాగున్నట్లే చూపుతుంది. ఉప్పు గాలి ఉన్న ఊళ్లలో మీట బిగుసుకుపోతుంది కనుక ప్రతి నెలా ఒకటో తేదీన, మోటారు వేయబోయే ముందు, ఆ బొత్తాం నొక్కండి. నొక్కినా పడకపోతే ఆ రోజే కొత్తది తెప్పించి, అది బిగించేదాకా పెరటి మోటారు, గీజర్ ఎంసీబీలను కిందికి దించి ఉంచండి.